తల మీద ధర

మిర్యాలగూడ. మిల్లు వెనక గది, తవుడు వాసన.
గోనెసంచుల మీద తొమ్మిది మందిమి.
వెయ్యి కడితే ఐదునూర్లు ఆఖరి కుప్పకు,
ఐదునూర్లు ఎవని తల మీద వానికి.

లింగస్వామిని లేపిన.
వాని ధరల సగం నా జేబుకు,
సగం నా నెత్తికి.
హమాలీ జంగయ్యను లేపిన. మళ్ల అంతే.

జాఫర్ బొగ్గుతోని గోడకు రాస్తుండు:
నా పేరు పక్కన వెయ్యి.

పొద్దుగూకంగ నా దిక్కు సూడనోళ్లు
ఇప్పుడు ఉత్త దుగ్గీ పట్టుకొని గూడ
నా మీదికే వస్తున్నరు.
గెలిచినకొద్దీ
నేనే సరుకునైతున్న.

తెల్లారగట్ల నన్ను లేపింది
బ్రోకర్ పుల్లారెడ్డి తమ్ముడు, ఆటకు కొత్త.
నవ్వుకుంట ఐదునూర్లు జేబుల కుక్కుకున్నడు.
గోడ దిక్కు సూడలే.

బయట కాంటా మీద ఊరికెనే నిలబడ్డ.
అరవై రెండు కిలోలు.
రాత్రి ఉన్నంతే.