నడుము దాకా సముద్రం

ముప్పై ఏళ్ళుగా సముద్రంలోకి దిగుతున్నాను.
నాకు తెలిసింది నడుము దాకానే.

నీరు తీసిన వేళ
మేకులు పాతి, తాళ్ళు లాగి,
తాడు పొడుగునా నాచు ముడులు వేసి
పోటు తిరిగొచ్చేలోగా ఒడ్డెక్కడం,
ఇదీ నా చదువు.
రొమ్ము దాకా నీరొస్తే చాలు,
కాళ్ళు వాటంతటవే ఇంటిదారి పట్టేవి, మేకల్లా.

ఇప్పుడు ఒడ్డు దగ్గర నీళ్ళు వేడెక్కాయి.
పట్టుకుంటే నాచు ఉడికిన తోటకూరలా
వేళ్ళ మధ్య విడిపోతోంది.
జాంజిబార్ టౌన్ నుంచి వచ్చిన బేరగాడు
తూకం వేయకుండానే మూట కాలితో తోసేశాడు.
చల్లటి నీళ్ళు లోతులో ఉన్నాయట.
అక్కడ నిలబడడానికి నేల లేదు.

జువేనా అని పంతొమ్మిదేళ్ళ పిల్ల
పసుపుపచ్చ నూనె డబ్బా, ఖాళీది, నా చేతికిచ్చి
"దీన్ని కావలించుకుని పడుకో, పెద్దమ్మా" అంది,
నీళ్ళు చూపించి, చాప పరిచినంత మామూలుగా.

ఒడ్డున కొబ్బరి పీచు దంచే ఆడవాళ్ళు నవ్వారు.
"చేపను వంచాలంటే పచ్చిగా ఉన్నప్పుడే,"
అంది మా ఆడబిడ్డ.
మా దగ్గర పసివాళ్ళను బెదిరించడానికీ
ముసలివాళ్ళను కూర్చోబెట్టడానికీ ఒకటే సామెత.

ఆ రాత్రి ఎండు సొరచేప ముక్క నీళ్ళలో వేశాను.
తెల్లారి వేలితో వంచితే వంగింది.
ఆ సామెత కట్టినవాడెవడో
ఎన్నడూ కూర వండినవాడు కాడు.

అయినా చేపకున్నంత తేలిక కాలేదు నాకు.
మొదటిరోజు ఉప్పునీళ్ళు మింగి కక్కుకున్నాను.
మూడోరోజు ఏడ్చాను.
సముద్రంలో ఏడిస్తే ఒక సుఖం, ఎవరికీ తెలీదు.
అయిదోరోజు మోకాలు నొప్పని అబద్ధమాడాను.
ఆరోరోజు నిజంగానే నొప్పి. వెళ్ళాను.

జువేనా ఎప్పుడూ శభాష్ అనదు.
"మెడ బిగిసింది, ఎందుకు?" అంటుంది.
"భయమేసి."
"దేనికి?"
ఆలోచిస్తే, నీళ్ళకి కాదు. ఒడ్డున ఆ నవ్వులకి.
"అయితే చెవులు నీళ్ళలో పెట్టు."

చెవులు మునిగాయి. నవ్వులు ఆగిపోయాయి.
నా ఊపిరి ఒక్కటే,
పెద్ద కడవలోంచి ఎవరో పిలుస్తున్నట్టు.
నాలుగు లెక్కపెట్టేంత సేపు
కింద నేల లేదు, పైన నేనున్నాను.
"సియాజబూ!" అని అరిచింది పిల్ల.
మా అమ్మ పెట్టిన పేరు.
అర్థం, వింతేం కాదు అని.

అయిదు లెక్కపెట్టేలోగా మునిగాను. అదీ చెప్పాలి.

ఇంటికొస్తే మకామె వల కుడుతూ అడిగాడు,
"వచ్చేసిందా ఈత?"

మా భాషలో ఇలాంటివాటికి లేదనం.
బాడో అంటాం. ఇంకా, అని.
అన్నం ఉడికిందా? బాడో.
పెళ్ళయిందా? బాడో.
ఎనభై ఏళ్ళ ఒంటిగాడు కూడా బాడో అనే అంటాడు,
తలుపు పూర్తిగా వేసెయ్యడం మర్యాద కాదు కనక.
యాభై రెండేళ్ళు నేనూ ఆ మాట
మర్యాదకే అనుకున్నాను.

"బాడో," అన్నాను.
ఈసారి నాలుక మీద ఉప్పగా తగిలింది.

మకామె సూది ఆపాడు.
నలభై ఏళ్ళు పడవ మీద బతికిన మనిషి.
దీపం వైపు చూశాడు, వల వైపు చూశాడు,
నా వైపు తప్ప అన్ని వైపులా చూసి
"నాకూ రాదు," అన్నాడు.

కాసేపు దీపం మాత్రమే కదిలింది.
తర్వాత, బాగా చిన్న గొంతుతో,
"ఆ పిల్ల మగవాళ్ళకి నేర్పుతుందా?"

"అడగాలి," అన్నాను
ఇంకో నూనె డబ్బా కోసం
మంచం కింద వెతుకుతూ.