తోక దాకా

తైవీ ఏటికి అటు కార్డిగన్, ఇటు పెంబ్రోక్.
సీమల పేర్లే కుక్కలకీ.
రెండువేపులా కోర్గీలే, పొట్టి కాళ్లు, పొడుగు నడుం,
నిలబడితే పీటంత.

వరద తీసిన మర్నాడు
వంతెన కింద బురదలో దొరికిందొకటి.

"మాది" అన్నాడు ఇవతలి ఒడ్డు ఇద్వాల్.
"కళ్లున్నాయా నీకు?" అంది అవతలి ఒడ్డు తెగ్వెన్.
తపాలా సంచీ దించి మధ్యలో నిలబడ్డాను.
ఉత్తరాలే గాని, తీర్పులు పంచిన అలవాటు లేదు నాకు.

తెగ్వెన్ మోకాళ్ల మీద కూలబడి
బురద తుడుస్తూ చదివింది:
చెవి కొస చూడు, గుండ్రంగా, గరిటెలా.
మీవాటికి కోసుగా ఉంటాయి, నక్కకి మేనత్త కొడుకుల్లా.
ముందు పాదాలు కాస్త బయటికి తిరిగి,
అచ్చం గుమ్మంలో నిలబడ్డ మా నాన్న.
ఎముక లావు. ఒళ్లు బరువు.
ఇక తోక

బురదలో పూడి ఉంది.
ఆమె లాగలేదు. అదే వచ్చింది,
తడిసిన చీపురంత,
నేలని ఒక్కసారి కొట్టింది.

ఇద్వాల్ టోపీ తీశాడు.
"మా స్మోట్‌కి పుట్టుకతోనే తోక లేదు.
దూరం నుంచి... అదే అనుకున్నాను."

వరద రాత్రి నుంచీ వెతుకుతున్నాడని
అప్పుడు తెలిసింది మాకు.

తెగ్వెన్ ఏమీ అనలేదు.
కుక్కని ఎత్తి అతని చేతుల్లో పెట్టింది.
"వంతెన దాటేదాకా మొయ్యి, నా నడుం పట్టేసింది."
అబద్ధం. నిన్ననే గొర్రెని మోసింది.

దారి పొడుగునా
అతని మోచేతికి ఆ తోక
తగులుతూనే ఉంది.
అతనికి అలవాటు లేని బరువు.