నూనెల ముంచిన ఇరుసు

చండూరుల నా షాపు రేకు కింద
మేకుకు మూడు ఇరుసులు వేలాడుతయి.
మూడూ గంజి మార్కండేయవే.
ఒకటి విల్లు లెక్క వంగింది,
ఒకటి మరకాడ తెగింది,
మూడోదాన్ని చూస్తే ఏం కానట్టే ఉంటది,
బల్లమీద దొర్లిస్తే
కుంటుకుంట పోతది.

మార్కండేయ మోకాళ్లు వంగవు.
గుంట మగ్గంల కాళ్లు దిగక
నేసుడు బందువెట్టి
గట్టుప్పల నుంచి ఇంటింటికి పడుగులు మోస్తడు.
తొక్కుడు సుత కాదు కాబట్టి
పాత అట్లాసు సైకిలుకు
తైవాన్ పంపు ఇంజను బిగించుకున్నడు.

ఇంజను చిన్నదే.
కాలైతే అడిగి అడిగి తిప్పేది,
ఇది అడగదు, గుంజుతది.
ఎడమకు చైను గుంజి గుంజి
చక్రం చట్రంల ఒరిగి
టైరు ఇనుముకు రాసుకొని
ఆయన తెల్ల పంచె మీద నల్లటి పొడి.
పండ్లచక్రం పుల్లలకు బిగిస్తే
వారానికి నాలుగు పుల్లలు టంగుమని తెగుడు.

"సైకిలు హబ్బు సైకిలు తొక్కెటోని కోసం చేసింది పెద్దయ్యా" అన్న.
"మరి నన్ను ఎవని కోసం చేసిండ్రో
నువ్వే చెప్పు" అన్నడు.

తుక్కుల లూనా హబ్బు ఒకటి దొరికింది.
దానికి పన్నెండు మిల్లీమీటర్ల ఇరుసు కావాలె.
నల్లగొండల దస్తగిరి చాచ లేతుకాడికి పోయినం.
చాచ ఇనుము ఏరుడు చూడాలె!
ఒక్కో కడ్డీని సానరాయికి ఆనించి
రవ్వలు ఎట్ల చీలుతయో చూసి
ఇది కాదు, ఇదీ కాదు అని విసిరేస్తడు.
చివరికి పాత ఆటో షాఫ్టు ముక్క.
చెక్కి, మరలు కోసి, కొలిమిల పెట్టిండు.

కడ్డీ పండుమిరప రంగుకొచ్చింది.
నేను నీళ్ల బకెటు జరిపిన.
చాచ కాలుతోని పక్కకు తన్నిండు.
"నీళ్లల్ల ముంచితే గట్టిగయితది పోరగా,
మస్తు గట్టిగయితది.
ఒక్క గుంతల పడితే పుటుక్కుమంటది.
నూనెల ముంచు. మళ్ల సన్న సెగ చూపి
నెమలి మెడ రంగు రాంగనే తియ్యి.
దెబ్బ తినేటందుకు
లోపల జరంత మెత్తదనం మిగలాలె."

టైర్ల కుప్ప మీద
కాళ్లు బారజాపి కూసున్న మార్కండేయ
"మమ్ముల సుత నీళ్లల్లనే ముంచిండ్రు చాచా,
ఊరు ఊరంత. బోరింగు నీళ్లల్ల" అని నవ్విండు.
నవ్వితే పండ్ల మీద గోధుమరంగు చారలు.
చాచ నవ్వలే.
కడ్డీని నూనెల దించి
పొగ ఆగేదాంక తల ఎత్తలే.

షాపుకొచ్చి నేను చట్రం గాడిని ఆకురాయితోని వెడల్పు చేసిన.
మందం వాషర్లు ఏసిన, చక్రం ముందలికి జరగకుంట
రెండు దిక్కుల గుంజుడు బోల్టులు పెట్టిన.
పుల్లలు మాత్రం మార్కండేయే అల్లిండు.
పదో గేజివి, ముప్పై ఆరు.
"రెండు మీదికెల్లి, ఒకటి కిందికెల్లి...
గింతేగదనే, ఇది నాకు రాదా?"
వేళ్లు సుత సగమే మడుస్తయి ఆయనయి.
అయినా ఒక్క పుల్ల తప్పిపోలే.
రాత్రి పదకొండయింది. కరెంటు పోతే
సెల్లు లైటుల చక్రం తిప్పి చూసినం,
వెంట్రుకంత సుత ఊగలే.

నలభై కిలోల పడుగు ఏసుకొని
తెల్లారగట్ల పోయిండు.
కల్వర్టు గుంతకాడ చప్పుడు ఒక్కసారి ఆగింది.
నేను పానా కింద పెట్టిన.
మళ్ల మొదలైంది.

ఇరవై దినాలకు తిరిగొచ్చిండు, సైకిలు నూకుకుంట.
కర్రకాళ్ల మీద రెండు కిలోమీటర్లు.
చెమట తుడుసుకొని
సంచిలకెల్లి తెగిన చైను తీసి
నా బల్లమీద పాము లెక్క పోసిండు.

"ఇరుసేమైంది?"
"దానికేమైతది? రాయి లెక్కుంది.
ఇప్పుడు దీని వంతు."

మోపెడు చైను డబ్బా దించిన.
మేకు మీద నాలుగో జాగ
ఇంకా ఖాళీగనే ఉంది.