ముప్పాతిక ఊపిరి

మరీన్యా గ్రాండేలో, గాజు కొలిమి పక్క సందు.
తొంభై సెంటీమీటర్ల ఎత్తు నుంచి
పొద్దుటి నుంచీ పెట్టెలు జారవిడుస్తోంది ఇదాలినా:
ముందు మూల మీద, తర్వాత అంచు మీద,
ఆపైన వెల్లకిలా.

లోపల బెల్మీరు ఊదిన కూజా.
ఆయన ఊపిరి గట్టిపడి గాజయింది,
కంప్రెసర్ ఊపిరి దాన్ని కాయాలి.
చుట్టూ ఆమె గీసిన పన్నెండు గాలి గొట్టాలు,
ఒకటి చిల్లుపడ్డా పక్కది చావకుండా
మధ్యమధ్య ఐదు మిల్లీమీటర్ల వేడి అతుకు.

పదకొండో కూజా కూడా పోయింది.
చీపురు తెచ్చింది, లెక్క రాసింది,
ఎవరినో తిట్టుకుంది. బహుశా నన్నే.
"ఇంకాస్త గాలి కొట్టనా?" అన్నాను మరి.

బెల్మీరు వచ్చాడు, సెగకు కమిలిన బుగ్గలతో.
తన కూజా పెంకుల కేసి చూడనే లేదు.
అత్తిపండు నొక్కినట్టు
సంచిని బొటనవేలితో నొక్కాడు.
"బిగబట్టిన ఊపిరి దెబ్బను ఆపదమ్మా,
అటు నుంచి ఇటు అందిస్తుందంతే."

నిండుకుండ తొణకదన్న మాట
కుండలకు చెల్లుతుంది.

కవాటం తెరిచి పావు వంతు వదిలేసిందామె.
సంచి ముడతలు పడింది.
"విమానం ఎక్కాక, పైన గాలి పలచన కదా,
ఈ ఖాళీ దానంతటదే నిండుతుంది," అంది,
మాతో కాదు, చెవి మీది పెన్సిల్‌తో.

ఎత్తింది. వదిలింది.
ధబ్బున ఒక్క చప్పుడు.
రెండోది రాలేదు.

బెల్మీరు పెట్టెకు చెవి ఆనించాడు.
టేపు కోయడానికి
మా ముగ్గురిలో ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు.