ఖాళీ పుట్టి

తుంగభద్రకు ఈ దరి నుంచి ఆ దరికి తాడు కట్టినారు.
తాడుకు ఖాళీ నూనె డబ్బాలు,
మూతలు బిగించి ఎర్ర రంగు పూసి, బారకొకటి.
అది దాటి ఎవురూ పోగూడదు.
అంతే నా పని.

సంకల్‌బాగ్ ఘాటు మెట్ల మీద పోసినట్టు జనం.
నడి ఏట్లో పంటె మీద ఖాజావలి,
ఇసుకలో పాతిన గొట్టాలు, గొట్టాల్లో మందు.
నడుమ నా పుట్టి.
వీపు పంటె దిక్కు, ముఖం జనం దిక్కు.

ఇరవై ఏండ్లుగా నేను టపాసులు చూసింది నీళ్లల్లోనే,
తలకిందులుగా, తునకలు తునకలుగా.
ఇంటికి పోతానే సుంకులమ్మ అడుగుతాది:
"ఈసారి ఏ రంగులొచ్చినాయి?"
"ముందు పిల్లోళ్ల పండ్ల మీద పచ్చ వచ్చింది,
ఆనక పోలీసాయన టోపీ మీద ఊదా" అంటా.

పుట్టెక్కేవాళ్లకు ముందే చెప్తా:
దీనికి ముందూ లేదు, వెనకా లేదు, గుండ్రం.
అందరూ ఒక్క పక్కకు వాలితే అదీ వాలతాది.
లేచి నిలబడితే ఆకాశం మూరెడు దగ్గరయితాదా?
కూచో నాయనా.
అడుగున తారు పూసినాం,
తారుకూ నిప్పుకూ పాత సుట్టరికం.
తడి గోనెపట్ట కాళ్ల మీద కప్పుకో తల్లీ,
పట్టుచీరయితే ఏం, రవ్వకు నేతలు తెలుస్తాయా?
జాకెట్టు చంకలో పెట్టుకుంటే బరువు,
ఒంటికి కట్టుకో.

మూడో వరసకు గాలి తిరిగింది,
హంద్రీ కలిసే దిక్కు నుంచి.
పున్నమే గాని, పొగ కమ్మినాక
చంద్రుడూ అమాసే.
అప్పుడు చూసినా.
రెండు డబ్బాల నడుమ తాడు మునిగిన కాడ
జారి పోయింది నల్లగా ఒకటి.
గుండ్రంగా. దీపం లేదు.
నేరుగా పంటె మీదికి.

కేకేసినా. నా కేక నాకే వినపడలే.
ఎర్ర టార్చి ఎత్తి మూడు సార్లు,
మళ్లా మూడు సార్లు.
ఖాజావలి చేతిలో కొరివి.
గొట్టం మీదికి వంగినోడు అట్లే ఆగి,
దాన్ని బిందెలో ముంచినాడు.
సుయ్యిమన్న చప్పుడు నాకు అందలే,
ఎర్ర చుక్క ఆరింది, అంతే.

ఘాటు మీద ఈలలు.
మైకులో ఎవురో: "సాంకేతిక కారణాల వల్ల..."
సాంకేతిక కారణం తెడ్డేసుకుంటా పోతాంది,
చొక్కా చెమటకు వీపుకంటుకొని.

అందుకున్నా. అంచు పట్టుకొని వంగి చూసినా.
లోపల తడిసిన వల,
ఒక కాలి చెప్పు,
సగం తిన్న మొక్కజొన్న కంకి.
మనిషి లేడు.
తాడు కొస పీచుపీచుగా తెగి ఉంది.
దరిన రాయికి కట్టిన ఉరుకుందు పుట్టి.
వాడు మెట్ల మీదే ఉన్నాడంట,
అందరితో పాటు ఈలేస్తా.

ఏడు నిమిషాలు.
ఆఫీసరు వాచీ చూపించినాడు:
"ఖాళీదానికా మద్దిలేటీ ఇంత రచ్చ?"
చీకట్లో పుట్టి నేను ఖాళీ అని చెప్పదు సార్.
దగ్గరికి పోయినాకనే అది ఖాళీ.
అంతవరకూ దాంట్లో ఎవురో ఒకరుంటారు.
ఆయనకు ఇదంతా చెప్పలే.
"అవును సార్" అన్నా.

అయిపోయినాక కూడా పుట్లను కదలనీలే.
ఖాజావలి వేళ్ల మీద లెక్కపెట్టినాడు:
ముట్టించింది నూటిరవై, పేలింది నూట పద్దెనిమిది.
ఆ రెండింటినీ నీళ్లల్లో నాననిచ్చేదాకా
చిన్నపిల్లోళ్లు ఏడ్చినారు,
పెద్దోళ్లు నన్ను తిట్టినారు, నా ముఖం మీదే,
తిట్లు నదిలో బాగా వినపడతాయి.

తెల్లారుజామున ఇంటికి పోయినా.
జుట్టులో గంధకం వాసన.
సుంకులమ్మ పొయ్యి ఊదుకుంటా అడిగింది:
"ఏ రంగులొచ్చినాయి?"
పచ్చ వచ్చింది, ఎరుపొచ్చింది అన్నా.
నడుమ ఏడు నిమిషాలు ఏదీ రాలే.
"అయ్యో" అనింది.
లే, అదే బాగుండె అన్నా,
కాళ్లు కడుక్కుంటా.