పదో నిమ్మకాయ

గూడూరు నిమ్మమార్కెట్టు, మధ్యాన్నం రెండున్నర.
వేలంపాట అయిపోయింది, లారీ ఇంకా రాలా.
ఖాళీ గోతంపట్టా మీద పదిహేను కాయలు పేర్చాడు
కాటా పెంచలయ్య.
ముందు ఎనిమిది: లావువి, మచ్చలున్నవి, తోసుకునే రకం.
వెనక ఏడు.
ఆ ఏడింట్లో ఒకదాన్ని చూపుడువేలితో కొంచెం జరిపి
"ఇది పది" అన్నాడు.
"వచ్చే నెల ఒంగోలు పొయ్యే జట్టులో ఇదెవురో తేల్చండబ్బా."

"ఫ్లై హాఫ్ అంటే ఏంది, సగం ఈగా?"
హమాలీ సుబ్బరామయ్య నవ్వు.
"ఈగే. చప్పట్లు కొట్టినా దొరకదు."

"మస్తానీ" అన్నాడు జిలానీ, సోడాబండి ఆపి.
సైదాపురం పిల్ల. దాని మోకాళ్ళకి ఎప్పుడూ
కాకిబంగారం అంటుకోని మెరుస్తా ఉంటాది,
మూసేసిన గని పక్కన తన్ని తన్ని నేర్చుకునింది గదా.
దాని కాలు తగిలిందంటే బంతి
తోట దాటి, రైలుకట్ట దాటి
ఎవురి దొడ్లోనో గొర్రెల్ని లేపుతాది.

"తన్నేదానికి గాడిద గూడా తంతాది."
సుబ్బరామయ్య ఓటు చెంచురత్నానికి.
కుడికి చూస్తా ఎడమకి విసురుతాది.
వాళ్ళమ్మది కాయ గ్రేడు చేసే చెయ్యి, దీనికీ అదే వచ్చింది:
చూడకుండానే పెద్దది పెద్దగంపలోకి, పిందె పిందెల్లోకి.
"మనిషి మీదికొస్తే కళ్ళు మూస్తాది గదయ్యా!"
"మూస్తే మూసింది, బంతి పొయ్యే కాడికి పోతుండాదా లేదా?"

గొంతులు లేచినయ్.
కమీషన్ కొట్టు రాఘవరెడ్డి కుర్చీతో సహా వచ్చి కూర్చున్నాడు.
నూరు, నూటాయాభై,
ఆడపిల్లల మోకాళ్ళ మీదా మణికట్ల మీదా
రెండో వేలం.

నేను అక్కడే ఉండాను.
గంప ముందర, కాలు చాపుకోని, పిందెలు ఏరతా.
ఆరేళ్ళు ఆ పది నా వీపు మీదే ఉండింది.
చొక్కా ఉతికి ఉతికి ఒకటి ఊడిపోతే
ఒక ఏడాదంతా సున్నాతోనే ఆడినాను.
ఒంగోల్లో, వానలో, మోకాలు అడ్డం తిరిగిందాకా.
నన్నెవురూ అడగలా.

అడిగుంటే కాలు కాదు, చెయ్యి గూడా కాదు అనుంటానేమో.
గుంపులో నించి బంతి బయటపడి నీ చేతికొచ్చినాక
తన్నాలా, విసరాలా, నువ్వే దూరాలా,
అటు పద్నాలుగు మంది నీ మొకం చూస్తుంటారు,
ఇటు ముగ్గురు నిన్ను నేలకేసి కొట్టేదానికి వస్తుంటారు,
అప్పుడు కావాల్సింది నిమ్మళం.
నాకు ఉండిందో లేదో ఇప్పటికీ తెలీదు.
ఉన్నట్టు నిలబడినాను. నమ్మినారు.

పోలమ్మ పేరు ఎవురూ ఎత్తలా.
యానాది కాలనీ పిల్ల. మాట తక్కువ.
బూట్లు నావే, ముందర గుడ్డపేలికలు కుక్కి వేసుకుంటాది.
మొన్న బంతి పట్టుకోని ఊరికే నిలబడింది.
"ఏందే, నిద్దరపొయ్యావా?" అని అరిచినాను.
నిద్దర కాదది.
పంబలేటి మడుగులో వల విసిరే ముందు
వాళ్ళ నాయన నిలబడే నిలబడటం.
నీళ్ళు కదిలినయ్ ఎక్కడో.
అది దూరింది.
నేను విజిల్ ఊదటం మర్చిపొయ్యాను.

చెబుదామని నోరు తెరిచేలోపల
లారీ హారను.
పట్టా దులిపినారు, సంచుల మూతులు కుట్టినారు,
పందెం డబ్బులు ఎవురివి వాళ్ళ జేబుల్లోకి పొయినయ్.
ఒక కాయ మాత్రం దొర్లి నా మడమకి తగిలి ఆగింది.
అది పదోదో కాదో, నిమ్మకాయకి నంబరుంటాదా.

జిలానీ దాన్ని తీసి, తుడిచి, కోసి, సోడాలో పిండినాడు.
"ఉప్పా, చక్కెరా, అక్కా?"
"రెండూ వెయ్యి."
గ్లాసులో మూడు గింజలు
బుడగల మధ్య పైకీ కిందికీ ఆడతా,
ఒకటి మాత్రం కాసేపు కదలకుండా.