జేబు ఏ పక్కనుంది

ఉరుకుందమ్మ కూతురు ఫోటో పట్టుకొని
ఆదోని అంతా తిరిగిందంట.
తేరుబజారులో చూపిస్తే జిన్నింగ్ మిల్లు సందన్నారు,
జిన్నింగ్ మిల్లు కాడ, ఇది ఈ ఊరే కాదన్నారు.
ఆఖరికెవరో చెప్పినారు:
లైన్‌మన్ బజారప్పనడుగు,
స్తంభాన్ని చూసి గేరి పేరు చెప్తాడని.

చెప్తా. ముప్పైనాలుగేండ్లు ఎక్కి దిగినవే కదా.
మనుషులు ఇండ్లు మారుస్తారు, ఇండ్లు రంగులు మారుస్తాయి,
రైలుపట్టా స్తంభం ఒకసారి ఒరిగిందంటే
ఆ ఒరుగుతోనే ముసలిదైతాది.

ఫోటో అరచేయంత.
బండలు పరిచిన వీధి, అరుగు మీద తూకంరాళ్లు, పక్కన సేటు,
గాలికెగిరొచ్చి తీగకు చిక్కుకున్న దూది,
బిందెతో పోతా పోతా చెదిరిపోయిన ఆడమనిషి.
మొకం లేదు, చీర అంచు మాత్రం ఉంది.
"మాయమ్మ" అనింది ఆ పిల్ల.
"ఇంకో ఫోటో లేదు.
ఆయమ్మ నడిచిన తావు యాడో చూపిస్తే చాలు."

స్తంభం తెలిసినట్టే ఉంది, తెలియనట్టే ఉంది.
ఒరుగు సరే. ఒరిగిన దిక్కు తప్పు.
కొండ కుడిపక్క దిగాల,
ఎడమపక్క దిగుతాంది.

అప్పుడు చూసినా, పైఅంచున:
స్తంభం మీద రెండు కాళ్లు.
మోకాళ్ల దాకానే. మిగతా మనిషిని ఫోటో కోసేసింది.
చెప్పుల్లేవు. కుడికాలికి బొటనవేలు లేదు.

మద్దిలేటికి లేనిది ఎడమ బొటనవేలు.

చాలాసేపు ఏం మాట్లాడలేదు నేను.
తర్వాత పక్కనున్న కటింగ్‌షాపులోకి పోయి
ఫోటోను అద్దానికెదురుగా పట్టినా.
కొండ జరిగి దాని తావుకొచ్చింది.
వీధి తిరగాల్సిన పక్కకు తిరిగింది.
"తిరగేసి కడిగినారమ్మా దీన్ని. చూడు,
సేటు చొక్కాజేబు కుడిరొమ్ము మీదుంది,
యాడన్నా ఉంటాదా?"
కత్తెర ఆపి ఈరన్న కూడా తలూపినాడు.

పిల్చకపోయినా.
అరుగు లేదు. ఏటీఎం ఉంది, సగం దించిన షట్టరుతో.
బండల మీద సిమెంటు, సిమెంటు మీద సిమెంటు.
స్తంభాన్ని కోసేసి నాలుగేండ్లాయ,
మొదలు బెత్తెడు మిగిలింది,
దానికెవరో మేకను కట్టేసినారు.
"ఈడికి మూడడుగులు. కొళాయి అటు.
అంటే ఇట్లొస్తాంది మీయమ్మ."
ఆ పిల్ల చెప్పులు విడిచి నిలబడింది.
వెనక ఒకడు హారన్ కొట్టినాడు. జరగలేదు.
ఇంకోసారి కొట్టినాడు. మేక జరిగింది.

పోయేముందు అడిగింది,
"అది తిరగేసిందని ఎట్ల పట్టినావు మామా?"
జేబు చూసి, అన్నా.

పైఅంచును ఆ పిల్ల ఒక్కసారి కూడా చూడలేదు.
తీగ చచ్చింది ఎక్కురా అని
కిందనుంచి కేకేసినోని గొంతు
ఫోటోలో యాడా పడలేదు.

"నాకూ ఒక కాపీ తీయించియ్యి తల్లీ" అన్నా,
"మంచి స్తంభం అది."